48 జట్లు సరే, మూడో స్థానం లెక్కే తప్పు

మొన్న సంక్రాంతి సెలవులకు మా ఊరు నారాయణఖేడ్ పోయినప్పుడు ఒక టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంట్‌లో ఆడాను. ఎనిమిది ఓవర్ల మ్యాచ్‌లు, గ్రూపుకు మూడు జట్లు. పైన ఉన్న రెండు జట్లు క్వార్టర్స్‌కు వెళ్తాయి, మూడోది ఇంటికి పోతుంది. గెలుపులు సమానమైతే పరుగుల తేడా చూస్తారు. మేం మొదటి మ్యాచ్ 3 పరుగులతో గెలిచాం. రెండోది 22 పరుగులతో ఓడిపోయాం. దాంతో మా పని అయిపోయింది. మిగిలింది ఆ రెండు జట్ల మధ్య మ్యాచ్.

గ్రౌండ్ పక్కన వేపచెట్టు కింద కూర్చుని లెక్క వేశాం. మమ్మల్ని ఓడించిన జట్టు ఇంకోసారి గెలిస్తే వాళ్లతో పాటు మేమూ క్వార్టర్స్‌కు పోతాం. వాళ్లు కొద్ది తేడాతో ఓడిపోతే మాత్రం వాళ్లకేం నష్టం లేదు, అవతలి జట్టు కూడా పైకి వస్తుంది, మేం బయటికి. ఈ లెక్క మాకు తెలిసినట్టే వాళ్లకూ తెలుసు. చివరి రెండు ఓవర్లలో గెలవడానికి 14 పరుగులు కావాలి, చేతిలో ఆరు వికెట్లున్నాయి. ఒక్కడూ బ్యాట్ ఎత్తలేదు. 8 పరుగులు చేసి, 5 పరుగులతో ఓడిపోయి, రెండు జట్లవాళ్లూ నవ్వుకుంటూ చేతులు కలుపుకున్నారు.

మా కెప్టెన్ ఆర్గనైజర్ దగ్గరికి పోయి, "ఇదేం మ్యాచ్ అన్నా? కావాలనే ఓడిపోయిండ్రు గదా" అన్నాడు.

ఆయన, "రూల్ ప్రకారం తప్పేమున్నది తమ్మీ? నన్నేం జెయ్యమంటవ్?" అన్నాడు.

కోపం వచ్చింది గానీ ఆయన అన్నది నిజమే. రూల్‌ను ఎవరూ తప్పలేదు. రూలే తప్పుగా ఉంది.

ఇది రాయడానికి కారణం ఆ మ్యాచ్. కానీ రాసేది దాని గురించి కాదు, ఈ జూన్ 11న మొదలయ్యే ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గురించి. మా ఊరి టోర్నమెంట్‌లో జరిగిందే అక్కడ కూడా జరిగే అవకాశం ఉంది. అది కూడా రూల్ ప్రకారమే. ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్నవాణ్ని, తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే క్షమించండి.

ముందు లెక్క చెప్తాను

1930లో ఉరుగ్వేలో మొదటి ప్రపంచ కప్ జరిగినప్పుడు ఆడింది 13 జట్లు. తర్వాత చాలా ఏళ్లు 16 జట్లతో నడిచింది. 1982లో 24 అయ్యాయి, 1998లో 32 అయ్యాయి. ఇప్పుడు 2026లో 48. అమెరికా, కెనడా, మెక్సికో మూడు దేశాల్లోని 16 నగరాల్లో 104 మ్యాచ్‌లు. పోయినసారి ఖతార్‌లో జరిగినవి 64.

ఫార్మాట్ ఇలా ఉంటుంది. 48 జట్లను నాలుగేసి చొప్పున 12 గ్రూపులు చేశారు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు ముందుకు వెళ్తాయి, అంటే 24. కానీ నాకౌట్ నడవాలంటే 32 కావాలి. 48ని రెండుతో భాగిస్తూ పోతే 24, 12, 6, 3 దగ్గర ఆగిపోతుంది. మా బ్రాంచ్ వాళ్లకు చెప్పక్కర్లేదు, 48 రెండు ఘాతం కాదు. అందుకని మిగిలిన 8 ఖాళీలను మూడో స్థానంలో వచ్చిన 12 జట్లలో మెరుగైన 8 జట్లతో నింపుతారు. మెరుగైనవి ఏవో తేల్చడానికి ముందు పాయింట్లు, తర్వాత గోల్స్ తేడా, తర్వాత కొట్టిన గోల్స్ చూస్తారు.

గ్రూపు దశలో 72 మ్యాచ్‌లు. ఈ 72 మ్యాచ్‌లు ఆడి ఇంటికి పంపేది 16 జట్లను. ఖతార్‌లో 48 మ్యాచ్‌లు ఆడి ఇంటికి పంపింది కూడా 16 జట్లనే. 24 మ్యాచ్‌లు పెరిగాయి, వడపోత మాత్రం పెరగలేదు.

నిజానికి ఫిఫా మొదట అనుకున్నది ఇది కాదు. 2017 జనవరిలో 48 జట్లకు ఓకే అన్నప్పుడు 16 గ్రూపులు, గ్రూపుకు మూడు జట్లు అని నిర్ణయించారు. అంటే అచ్చంగా మా నారాయణఖేడ్ టోర్నమెంట్! మూడు జట్ల గ్రూపులో ఆఖరి మ్యాచ్ జరిగేటప్పుడు ఒక జట్టు ఎప్పుడూ చెట్టు కింద కూర్చునే ఉంటుంది. దాని బతుకు మిగతా ఇద్దరి చేతిలో ఉంటుంది. 2023 మార్చిలో రువాండా రాజధాని కిగాలీలో జరిగిన సమావేశంలో ఫిఫా దాన్ని మార్చుకుని నాలుగు జట్ల గ్రూపులకు వచ్చింది.

ఆ భయం ఊరికే రాలేదు. 1982 ప్రపంచ కప్‌లో అల్జీరియా పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించింది, ఆస్ట్రియా చేతిలో ఓడింది, చిలీని 3-2తో గెలిచింది. అల్జీరియా మ్యాచ్‌లన్నీ అయిపోయాక మర్నాడు, జూన్ 25న, స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడాయి. జర్మనీ ఒకటి రెండు గోల్స్ తేడాతో గెలిస్తే రెండూ ముందుకు పోతాయి. పదో నిమిషంలో జర్మనీ గోల్ కొట్టింది. ఆ తర్వాత ఎనభై నిమిషాలు ఇద్దరూ బంతిని అటూ ఇటూ తోసుకున్నారు. 1-0. అల్జీరియా ఇంటికి. అప్పుడు కూడా ఫిఫా చెప్పింది మా ఆర్గనైజర్ అన్న చెప్పిన మాటే, రూల్ ఏదీ తప్పలేదు అని. కానీ 1986 నుంచి ఒక గ్రూపులోని ఆఖరి రెండు మ్యాచ్‌లను ఒకే సమయంలో పెడుతున్నారు. ఒక అన్యాయం జరిగితేనే ఒక రూల్ మారింది.

జట్లు పెంచడం తప్పు కాదు

మా హాస్టల్ రూమ్మేట్ అర్జెంటీనా ఫ్యాన్. "48 అంటే ప్రపంచ కప్ కాదురా, జాతర. ఎవడు పడితే వాడు వస్తున్నడు" అంటాడు. నేను ఒప్పుకోను. నాకు ఈ కాలేజీలో సీటు ఎప్సెట్ కౌన్సెలింగ్ చివరి ఫేజ్‌లో వచ్చింది. మొదటి ఫేజ్‌తోనే తలుపు మూసేస్తే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల పైన, బీదర్‌కే దగ్గరగా ఉన్న ఊరినుంచి వచ్చినవాడికి ఇంకో పది సీట్లు అంటే ఏంటో తెలుసు.

32 జట్లప్పుడు యూరప్‌కు 13 చోట్లు, ఆఫ్రికా మొత్తానికి 5, ఆసియాకు నాలుగున్నర. ఆ సగం అంటే ప్లే ఆఫ్ ఆడి తెచ్చుకునేది. ప్రపంచంలో సగానికి పైగా జనం ఉన్న ఖండానికి అంతే! అలాంటి ఆసియా నుంచి వచ్చిన సౌదీ అరేబియా 2022లో అర్జెంటీనాను 2-1తో ఓడించింది, జపాన్ జర్మనీనీ స్పెయిన్‌నీ ఓడించింది. ఆఫ్రికా నుంచి మొరాకో సెమీస్ దాకా పోయింది. ఇప్పుడు ఆసియాకు నేరుగా 8, ఆఫ్రికాకు 9. ఇది దానం కాదు, రావలసిన బాకీ.

కొత్తగా వస్తున్నవాళ్లను చూడండి. ఉజ్బెకిస్తాన్, జోర్డాన్, కేప్ వర్డే, కురసావ్ మొదటిసారి ఆడబోతున్నాయి. కురసావ్ అనేది కరీబియన్ సముద్రంలో చిన్న దీవి, జనాభా లక్షన్నర. మా నారాయణఖేడ్ అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటర్లే రెండు లక్షలు దాటుతారు. ప్రపంచ కప్‌కు వచ్చిన దేశాల్లో అంత తక్కువ జనాభా ఉన్నది ఇంతకు ముందు లేదు. 2025 నవంబర్ 18న జమైకాలో 0-0తో మ్యాచ్ ముగించి వాళ్లు అర్హత సాధించారు. అదే నవంబర్ 18న ఢాకాలో మన ఇండియా బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడింది. అది ప్రపంచ కప్ మ్యాచ్ కూడా కాదు, 24 జట్లు ఆడే ఆసియా కప్ అర్హత మ్యాచ్. ఆ ఆసియా కప్‌కు కూడా మనం పోవడం లేదు.

తలుపు వెడల్పు చేస్తే ఎవడు పడితే వాడు వస్తాడనేవాళ్లకు మన దేశమే జవాబు. తలుపు రెండింతలు వెడల్పయింది, 140 కోట్ల మందిమి ఇంకా బయటే ఉన్నాం. 2026 అర్హత పోటీల్లో ఖతార్, కువైట్, అఫ్గానిస్తాన్‌లతో కలిసి ఉన్న గ్రూపులో ఆరు మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచాం. ఐదు పాయింట్లు, మూడో స్థానం. 2024 జూన్ 11న దోహాలో ఖతార్‌తో ఆఖరి మ్యాచ్‌లో గీత దాటి బయటికి పోయిన బంతిని లోపలికి లాగి కొట్టిన గోల్‌ను రెఫరీ ఇచ్చేశాడు. మనం 1-2తో ఓడాం. అన్యాయమే. కానీ అంతకు ముందు మార్చిలో గువాహటిలో, మన సొంత గడ్డ మీద, అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడినప్పుడు ఏ రెఫరీ అడ్డం రాలేదు.

హైదరాబాద్‌కు ఈ కథ ముందే తెలుసు

నాకు పదో తరగతిలోనే మాంచెస్టర్ జట్ల పదకొండు మంది పేర్లు వరసగా వచ్చేవి. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మాత్రం 2024లో మైదాన్ సినిమా వచ్చేదాకా తెలియదు. మా బస్టాండ్ దగ్గర సైకిల్ షాపు చాచాకు ఆ సినిమా కథ చెప్తుంటే ఆయన పంక్చర్ వేస్తూనే, "రహీం సాబ్ గురించి నాకు నువ్వు జెప్తున్నవా బేటా?" అని నవ్వాడు. ఆయన వాళ్ల నాన్న హైదరాబాద్‌లో పని చేసిన రోజుల్లో సిటీ పోలీస్ మ్యాచ్ ఉందంటే పని మానేసి పోయేవాడట.

రహీం హైదరాబాద్‌లో టీచర్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. దేశానికి కోచ్‌గా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఇంకో బంగారు పతకం తెచ్చాడు. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో చనిపోయాడు. ఈసారి ప్రపంచ కప్ మొదలయ్యేది కూడా జూన్ 11నే.

ఈయన కథ ఇక్కడ ఎందుకంటే, ఫార్మాట్ తెరిచిన తలుపుతో ఏం చేయాలో, ఏం చేయకూడదో రెండూ ఆ కాలంలోనే కనిపిస్తాయి. 1950లో బ్రెజిల్ ప్రపంచ కప్‌కు మన అర్హత గ్రూపులోని మిగతా జట్లన్నీ తప్పుకున్నాయి. ఒక్క మ్యాచ్ ఆడకుండానే ఇండియాకు చోటు వచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. మనం పోలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వలేదు కాబట్టి పోలేదన్నది వాట్సాప్‌లో తిరిగే కథ. అప్పటి ఫెడరేషన్ చెప్పుకున్న కారణాలు జట్టు ఎంపికలో గొడవలు, ప్రాక్టీస్‌కు టైం చాలకపోవడం. మన పెద్దలకు అప్పుడు ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్ పెద్దగా కనిపించలేదు కూడా.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇంకో తలుపు తెరుచుకుంది. మొదటి రౌండ్‌లో మనతో ఆడాల్సిన హంగరీ తప్పుకుంది. ఆడకుండానే క్వార్టర్స్‌కు వచ్చాం. ఇది కూడా అదృష్టమే. కానీ ఈసారి రహీం తయారు చేసిన జట్టు అక్కడ ఉంది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ అందులో ఉన్నారు. క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల దేశంలోనే 4-2తో ఓడించి సెమీస్‌కు పోయారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ ఆడిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం.

ఫార్మాట్ తలుపు తెరుస్తుంది, అంతే. నడిచి వెళ్లాల్సింది మనం. కాబట్టి జట్లు పెరగడం వల్ల ఆట పలచబడుతుందన్న వాదన నాకు నిలబడేలా కనిపించదు. అసలు తప్పు ఇంకోచోట ఉంది.

వేర్వేరు పేపర్లు, ఒకే ర్యాంకు

మనమంతా ఎప్సెట్ రాసే వచ్చాం కదా. అందరికీ ఒకే పేపర్ రాదు. కొందరికి పొద్దున సెషన్, కొందరికి మధ్యాహ్నం, వేర్వేరు రోజులు. ఒక పేపర్ కష్టంగా ఉంటుంది, ఒకటి తేలిక. అందుకే మార్కులను ఉన్నవి ఉన్నట్టు పక్కపక్కన పెట్టరు, నార్మలైజేషన్ చేస్తారు. దాని మీద మనకెన్ని తిట్లున్నా, అసలు అది లేకుండా ర్యాంకులిస్తే ఊరుకుంటామా?

మూడో స్థానం జట్లకు ఫిఫా చేస్తున్నది అదే. ఏ గ్రూపులో మూడో జట్టూ ఇంకో గ్రూపు మూడో జట్టుతో ఆడలేదు. వాళ్లు ఎదుర్కొన్న ప్రత్యర్థులు వేరు. ఒక గ్రూపులో బలహీనమైన జట్టు ఉంటే దాని మీద ఐదు గోల్స్ కొట్టి గోల్స్ తేడా పెంచుకోవచ్చు. ఇంకో గ్రూపులో నాలుగూ గట్టి జట్లే అయితే ఒక్కో గోల్‌కు చెమటలు పడతాయి. ఈ రెండు లెక్కలనూ ఒకే పట్టికలో పెట్టి, నువ్వు ఉండు, నువ్వు పో అంటారు. నార్మలైజేషన్ లేని ఎప్సెట్ ఇది.

దీని కన్నా పెద్ద చిక్కు టైం. ఏ, బీ, సీ గ్రూపుల ఆఖరి మ్యాచ్‌లు జూన్ 24న. జే, కే, ఎల్ గ్రూపులవి జూన్ 27న. ముందు ముగించిన గ్రూపులో మూడో స్థానం వచ్చినవాళ్లు మూడు రోజులు హోటల్ గదుల్లో కూర్చుని మిగతావాళ్ల మ్యాచ్‌లు చూడాలి. ఆఖరి గ్రూపులవాళ్లకు మాత్రం ఎన్ని పాయింట్లు చాలో, ఎన్ని గోల్స్ తేడా ఉంటే చాలో ముందే తెలుస్తుంది. ఒకరికి క్లోజ్డ్ బుక్, ఇంకొకరికి ఓపెన్ బుక్. ఆఖరి రోజు ఇద్దరికీ డ్రా చాలు అని తెలిస్తే ఎనభై నిమిషాలు ఎవడు పరుగెత్తుతాడు? 1986లో ఒక గ్రూపు లోపల మూసిన కంతను 12 గ్రూపుల మధ్య మళ్లీ తెరిచారు.

ఇదంతా నా ఊహ కాదు, జరిగిందే. 2016 యూరో కప్‌లో 24 జట్లు, ఆరు గ్రూపులు, మెరుగైన నాలుగు మూడో స్థానాలు. అల్బేనియాకు అది మొదటి పెద్ద టోర్నమెంట్. జూన్ 19న రొమేనియాను 1-0తో ఓడించి 3 పాయింట్లతో ఆగింది. మిగతా గ్రూపులు ముగిసేదాకా ఎదురుచూసి, గోల్స్ తేడా మైనస్ రెండు కాబట్టి ఇంటికి పోయింది. అదే టోర్నమెంట్‌లో పోర్చుగల్ మూడు మ్యాచ్‌లూ డ్రా చేసుకుంది. ఒక్క గెలుపు లేకుండా అవే 3 పాయింట్లతో మూడో స్థానం నుంచి ముందుకు పోయి చివరికి కప్పు కొట్టింది. పోర్చుగల్‌ను తప్పు పట్టను, రొనాల్డో కోసం ఆ రోజుల్లో నేనూ గంతులేసినవాణ్నే. కానీ గెలిచినవాడు ఇంటికి, గెలవనివాడు ముందుకు పోయే లెక్కలో ఏదో తేడా ఉంది. 1986 ప్రపంచ కప్‌లో ఉరుగ్వే డెన్మార్క్ చేతిలో 1-6తో ఓడి, మిగతా రెండూ డ్రా చేసుకుని, అయినా నాకౌట్ ఆడింది.

ఇంకో సరదా సంగతి. 12 మూడో స్థానాల్లో ఏ 8 ముందుకు పోతాయో దాన్నిబట్టి ఎవరితో ఎవరు ఆడాలో మారుతుంది. 12లో 8 ఎంచుకునే పద్ధతులు ఎన్ని? పైథాన్‌లో రెండు లైన్లు రాస్తే వచ్చింది 495. నిజంగానే ఫిఫా నియమావళి చివర 495 వరసల పట్టిక ఉంది. ప్రోగ్రామ్‌లో ఇన్ని ఇఫ్ ఎల్స్‌లు రాస్తే మా ల్యాబ్ మేడమ్ "డిజైన్ మళ్లీ చేసుకుని రా" అంటారు. గ్రూపులో రెండో స్థానం వచ్చినవాడికి తన ప్రత్యర్థి ఎవరో తెలుస్తుంది. గ్రూపు గెలిచిన కొన్ని జట్లకు మాత్రం మూడో స్థానాల పట్టిక తేలేదాకా తెలియదు.

మరి ఏం చేయాలి?

తప్పు అంటే సరిపోదు, మార్గం చెప్పాలి. నాది ఇది. 48 జట్లు ఉండనీ. 12 గ్రూపులు ఉండనీ. మూడో స్థానాన్ని తీసేయండి. మొదటి రెండు స్థానాల్లోని 24 జట్లే ముందుకు పోవాలి. గ్రూపు గెలిచిన 12 జట్లలో మెరుగైన 8 జట్లు నేరుగా చివరి 16లోకి వెళ్తాయి. మిగిలిన నలుగురు విజేతలు, 12 మంది రెండో స్థానం వాళ్లు, మొత్తం 16 జట్లు ఎనిమిది మ్యాచ్‌లు ఆడి మిగతా ఎనిమిది చోట్లు తెచ్చుకుంటాయి. మొత్తం 96 మ్యాచ్‌లు.

"ఇందులో కూడా గ్రూపుల మధ్య పోలిక ఉంది కదా?" అని రూమ్మేట్ పట్టుకున్నాడు. ఉంది, ఒప్పుకుంటాను. కానీ తేడా చూడండి. ఇక్కడ పోలికలో వెనకబడితే ఒక మ్యాచ్ ఎక్కువ ఆడాలి, అంతే. అక్కడ వెనకబడితే ఇంటికి పోవాలి. తూకంలో కొంచెం తేడా ఉంటే ఉల్లిగడ్డలకు సర్దుకుంటాం, బంగారానికి సర్దుకోం. పైగా ఇప్పుడు గ్రూపు గెలిచినా, మూడో స్థానంలో వచ్చినా ఇద్దరూ ఒకే రౌండ్‌లో ఆడాలి. నా పద్ధతిలో గ్రూపు బాగా గెలిస్తే ఒక రౌండ్ మిగులుతుంది, కాబట్టి మొదటి రెండు మ్యాచ్‌లు గెలిచిన జట్టు మూడో మ్యాచ్‌లో కాళ్లు చాపుకుని కూర్చోదు. కప్పు కొట్టాలంటే ఇప్పుడు 8 మ్యాచ్‌లు ఆడాలి. నేరుగా వెళ్లినవాళ్లకు పాత లెక్క ప్రకారం 7 చాలు.

ఫిఫా ఇది చేస్తుందా? చేయదనే అనుకుంటాను. 96 కన్నా 104 మ్యాచ్‌లకు టీవీ డబ్బులు ఎక్కువ. ఫిఫాలో 211 సభ్య ఫెడరేషన్లు, ఒక్కోదానికి ఒక్కో ఓటు. ఎక్కువ జట్లు ఎక్కువ రోజులు ఉంటే ఎక్కువమంది సంతోషంగా ఉంటారు. సర్పంచ్ ఎన్నికలు చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

రూమ్మేట్ వేసిన ఆఖరి ప్రశ్న మాత్రం గట్టిది. "అరే, అర్హత పోటీల్లో మనోళ్లు వచ్చింది మూడో స్థానమే గదా. మూడో స్థానం వాళ్లకు తలుపు తీస్తే రేపు మనకే లాభం గదరా. నువ్వెందుకు వద్దంటున్నవ్?"

దానికి రెండు రోజులు ఆలోచించాను. నిజమే, 12 గ్రూపుల మూడో స్థానాల లెక్క ఎక్కడైనా పెడితే మనలాంటి జట్టు ఎప్పుడో ఒకసారి జారి లోపల పడొచ్చు. అయినా వద్దు. ఆ మూడు రోజులు హోటల్‌లో కూర్చుని, ఎవరో ఓడిపోవాలని, ఎవరో డ్రా చేసుకోకూడదని దేవుణ్ని మొక్కుకుంటూ వచ్చే ప్రపంచ కప్ చోటు నాకు వద్దు. చెట్టు కింద కూర్చుని ఎదురుచూడటం ఎట్లుంటదో సంక్రాంతికి చూశాను. కురసావ్ తన గ్రూపులో మొదటి స్థానంలో వచ్చి అర్హత సాధించింది. లక్షన్నర జనం ఉన్న దీవి చేయగలిగింది మనమూ ఎప్పుడో చేయాలి. అది గెలిచి రావాలి, లెక్కలో తేలి కాదు.

పోయిన వారం మా ఊరి ఆర్గనైజర్ అన్నకు వాట్సాప్‌లో ఒక పొడుగు మెసేజ్ పెట్టాను. వచ్చే సంక్రాంతికి గ్రూపుకు నాలుగు జట్లు పెట్టండి, పై రెండే ముందుకు పోవాలి, ఆఖరి రెండు మ్యాచ్‌లు ఒకే టైంకు మొదలవ్వాలి అని. కింద పట్టిక కూడా గీసి పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది.

"మంచిగనే ఉన్నది తమ్మీ. గని ఒకే టైంకు రెండు మ్యాచ్‌లంటే రెండు గ్రౌండ్లు కావాలె. యాడికెళ్లి తేవాలె?"

జూనియర్ కాలేజీ గ్రౌండ్ అడుగుదాం అన్నా, నేనూ వస్తా అని రాశాను. రెండు బ్లూ టిక్కులు పడ్డాయి. దసరా సెలవులకు పోయినప్పుడు ఇద్దరం కలిసి ప్రిన్సిపాల్ సార్‌ను అడగాలి.